ఆటో స్టార్టర్ కోడ్‌లో 97 వార్నింగులు: ఏఐ సాయంతో మూలం వెతికిన ప్రాజెక్టు డైరీ

బోరు మోటార్లకు బిగించే ఆటో స్టార్టర్ బోర్డులు అనంతపురంలోని మా చిన్న వర్క్‌షాప్‌లో తయారవుతాయి. ఎక్కువగా నార్పల, గార్లదిన్నె వైపు చీనీ తోటలకు వెళ్తాయి. లోపల కోడ్‌ను నడిపే ఈఎస్‌పీ32 చిప్, కరెంటు, వోల్టేజీ కొలవడానికి రెండు ఏడీఎస్1115 చిప్‌లు, రైతు పంపే మెసేజ్ అందుకోవడానికి సిమ్ మాడ్యూల్, లాగ్ రాయడానికి మెమరీ కార్డు ఉంటాయి. కోడ్ ఆర్డుయినో పద్ధతిలో సీ++లో రాసింది. మా దగ్గరికి వచ్చేసరికే రెండు మూడు చేతులు మారింది.

రాసిన కోడ్‌ను చిప్‌కు అర్థమయ్యే రూపంలోకి మార్చే ప్రోగ్రామ్ కంపైలర్, అనుమానంగా ఉన్న చోట అది చేసే హెచ్చరికలే వార్నింగులు. పాత కోడ్‌లోని వార్నింగులన్నీ ఏఐ అసిస్టెంట్‌కు అప్పజెప్పి తుడిపించేసుకుందాం అనుకునేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. వాళ్ల కోసమే ఈ డైరీ. ఏ వార్నింగ్ గురించి ఎలా అడిగాం, ఏ జవాబు పనికొచ్చింది, ఏది బెంచ్ మీద పరీక్షకు నిలబడలేదు అన్నది వరుసగా రాస్తున్నాను.

పని మొదలవడానికి కారణం నార్పల వైపు ఒక తోట నుంచి వచ్చిన ఫోన్. “నీళ్లు బాగానే వస్తాండాయప్పా, మోటర్ మాత్రం ఉన్నట్టుండి నిలిచిపోతాంది. బోరులో నీళ్లు లేవని మెసేజ్ వస్తాంది” అన్నారు ఆ పెద్దాయన. మెమరీ కార్డు తెప్పించి చూస్తే లాగ్‌లో కరెంటు దాదాపు సున్నా. దాంతో బోరు అడుగంటిందని, ఇంకొకటి వేయించాలని తోట దగ్గర మాట నడిచింది. అనంతపురం జిల్లాలో కొత్త బోరు అంటే ఏమిటో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. వందల అడుగులు దిగినా నీళ్లు పడతాయన్న నమ్మకం లేదు, అప్పు మాత్రం ఖాయం. మా లాగ్‌ను నమ్మి ఆయన బోరు బండిని పిలిపించకముందే ఆ సున్నా సంగతి తేల్చాలి.

వాడినవి

- ఆర్డుయినో సీఎల్ఐ (కమాండ్ లైన్ నుంచి కంపైల్ చేయడానికి), ఈఎస్‌పీ32 కోర్ 3.0 (ఆ చిప్ మీద ఆర్డుయినో కోడ్ నడిచేలా చేసే సాఫ్ట్‌వేర్), దాంతో వచ్చే జీసీసీ 12 కంపైలర్
- పోల్చి చూడటానికి అదే కోర్ పాత 2.0 వెర్షన్
- గిట్ (కోడ్‌లో జరిగిన మార్పుల చరిత్ర దాచేది)
- ఒక ఏఐ చాట్ అసిస్టెంట్
- క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పెట్టి కరెంటు కొలిచేది), మోటార్‌కు బదులు బెంచ్ మీద పెట్టుకున్న 100 వాట్ల బల్బు

కోడ్‌లో కొందరు రైతుల ఫోన్ నంబర్లు నేరుగా రాసి ఉన్నాయి. వాటిని వేరే ఫైల్‌లోకి తీసి పక్కన పెట్టాకే అసిస్టెంట్‌కు కోడ్ చూపించాం. మీరూ ముందు ఈ పని చేయండి.

దశ 1: లెక్క సరిగ్గా పెట్టడం

ఆర్డుయినో సెట్టింగుల్లో కంపైలర్ వార్నింగ్స్ ‘నన్’ మీద ఉంది. అంటే ఇన్నాళ్లూ కంపైలర్ చెబుతున్నది ఎవరి కంటా పడలేదు. ‘ఆల్’కు మార్చగానే తెర మీద 412 వార్నింగ్ లైన్లు పడ్డాయి.

ఈ 412ను నమ్మకూడదు. రెండు కారణాలున్నాయి. మొదటిది, ఒక హెడర్ ఫైల్‌లో వార్నింగ్ ఉంటే, ఆ హెడర్‌ను ఎన్ని ఫైళ్లు వాడుకుంటే అన్నిసార్లు అదే లైన్ మళ్లీ పడుతుంది. రెండోది దీనికంటే ప్రమాదం. రెండోసారి కంపైల్ చేస్తే మారిన ఫైళ్లే మళ్లీ కంపైల్ అవుతాయి, మిగతావి పాత ఫలితాన్నే వాడుకుంటాయి. వాటి వార్నింగులు అసలు కనిపించవు. ఏమీ సరిచేయకుండానే 412 కాస్తా 30కి పడిపోతుంది. ఏఐ ఇచ్చిన మార్పు పెట్టి కంపైల్ చేసి, సంఖ్య తగ్గిందని సంతోషించేవాళ్లు ఇక్కడే పొరబడతారు.

మేం పెట్టుకున్న క్రమం:

1. ప్రతిసారీ క్లీన్ ఆప్షన్‌తో మొదటినుంచి కంపైల్ చేయాలి.
2. వచ్చినదంతా ఒక ఫైల్‌లోకి మళ్లించాలి.
3. అందులోంచి వార్నింగ్ లైన్లు గ్రెప్‌తో ఏరి, సార్ట్, యూనిక్ కమాండ్లతో ఒకే ఫైల్ ఒకే లైన్ నంబర్ ఉన్నవాటిని ఒకటిగా చేయాలి.
4. రకాల వారీగా లెక్క రాసుకోవాలి. వార్నింగ్ చివర బ్రాకెట్‌లో దాని రకం పేరు ఉంటుంది.

వేరు వేరు చోట్లు 97 తేలాయి. ఫార్మాట్ (ప్రింట్ చేయమన్న రకం, ఇచ్చిన విలువ రకం కలవకపోవడం) 52, సైన్-కంపేర్ (మైనస్ ఉండే రకాన్ని మైనస్ లేని రకంతో పోల్చడం) 19, వాడని వేరియబుల్స్ 11, బయటి డిస్‌ప్లే లైబ్రరీవి 6, మేబీ-అన్‌ఇనిషియలైజ్డ్ (విలువ పెట్టకముందే వాడే వీలుండటం) 4, టైప్-లిమిట్స్ (ఆ రకంలో ఎప్పటికీ రాని విలువతో పోల్చడం) 3, ఫాల్‌త్రూ (బ్రేక్ లేక ఒక కేసు నుంచి కింది కేసులోకి జారడం) 2.

లైబ్రరీవి మా కోడ్ కాదు కాబట్టి వేరే లెక్కలో పెట్టాం.

*మిగిలినవి: 91*

దశ 2: అడిగే తీరు మార్చడం

మొదట అందరూ అడిగినట్టే, వార్నింగుల ఫైల్ మొత్తం పేస్ట్ చేసి సరిచేయమని అడిగాం. వచ్చిన జవాబు ఇలా ఉంది: మొదటి పదీ పదిహేనింటికి మార్పులు ఇచ్చింది, మిగతావి ‘ఇదే విధంగా’ అని వదిలేసింది. ఇచ్చిన మార్పుల్లో ఎక్కువ భాగం టైప్ కాస్ట్‌లు (విలువ రకాన్ని బలవంతంగా మార్చడాలు), వేరియబుల్‌కు సున్నా పెట్టడాలు, వాడని వాటిని తీసేయడాలు. రెండు చోట్ల ఏకంగా వార్నింగ్‌ను నోరు మూయించే ప్రాగ్మా లైన్ పెట్టింది. గరికను పైపైన కోసినట్టే ఇది. నేల శుభ్రంగా కనిపిస్తుంది, వేరు అలాగే ఉంటుంది.

తప్పు అసిస్టెంట్‌ది మాత్రమే అనడానికి లేదు. వార్నింగ్ పోవాలని అడిగితే అది వార్నింగ్ పోయే దారే వెతుకుతుంది. అందుకని అడిగే నమూనా మార్చాం. ఒక్కో రకానికి వేరే చాట్ తెరిచి, ఇవి ఇచ్చాం:

1. వార్నింగ్ పూర్తి పాఠం. కింద వచ్చే ‘నోట్’ లైన్లు కూడా. చాలామంది వాటిని కోసేస్తారు, అసలు ఆధారం తరచూ అక్కడే ఉంటుంది.
2. ఆ ఫంక్షన్ మొత్తం, దాన్ని పిలిచే ఫంక్షన్లు కూడా.
3. కంపైలర్, కోర్ వెర్షన్లు.
4. బోర్డు ఎక్కడ, ఎలా పనిచేస్తుందో నాలుగు మాటలు.
5. చివరగా ఈ అభ్యర్థన: “కోడ్ మార్చొద్దు. ఈ వార్నింగ్ రావడానికి వీలున్న కారణాలు మూడు చెప్పు. వాటిలో ఏది నిజమో తేల్చే పరీక్ష ఒక్కోదానికి చెప్పు. కారణం ఇది కాదని ఏ ఫలితం వస్తే తెలుస్తుందో కూడా చెప్పు.”

అయిదోదే ప్రాణం. పరీక్ష చెప్పమన్నాక జవాబుల తీరే మారిపోయింది. ఊహ అయినా సరే, దాన్ని మా బెంచ్ మీద కాదో అవునో తేల్చుకునే వీలు దొరికింది.

నాలుగోది ఎందుకో ఒక ఉదాహరణ. మోటార్ ఉన్నట్టుండి ఆగడం గురించి మొదట అడిగినప్పుడు, మిల్లీసెకన్ల లెక్క పెట్టే 32 బిట్ల టైమర్ దాదాపు 49.7 రోజులకోసారి సున్నాకు తిరిగి వస్తుందని, అదే కారణం కావచ్చని చాలా ధీమాగా చెప్పింది. మాట నిజమే, టైమర్ అలాగే తిరుగుతుంది. కానీ ఇక్కడ వ్యవసాయానికి త్రీఫేజ్ కరెంటు పగటిపూట 9 గంటలు. కరెంటు పోతే మా బోర్డూ ఆగిపోతుంది, మర్నాడు మళ్లీ మొదటినుంచి లెక్క మొదలవుతుంది. 49 రోజుల దాకా వెళ్లే ప్రసక్తే లేదు. ఈ 9 గంటల సంగతి చెప్పగానే ఆ ఊహను తనే వెనక్కి తీసుకుంది.

దశ 3: ఫార్మాట్ వార్నింగులు (52)

52 చోట్లా ఒకే మాట: విలువలను అక్షరాలుగా రాసే ప్రింట్‌ఎఫ్‌లో పర్సెంట్-డి (ఇక్కడ ఇంట్ రకం పూర్ణాంకం రాయి అనే గుర్తు) రాశారు, ఇచ్చిన విలువ ఇంట్ కాదు. చూడగానే 52 చోట్ల నిర్లక్ష్యంగా రాశారనిపిస్తుంది. అసిస్టెంట్ ఇచ్చిన మూడు కారణాల్లో రెండోది ఇది: చిప్ తయారీదారు ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఈఎస్‌పీ-ఐడీఎఫ్‌లో 5.0 నుంచి 32 బిట్ల పూర్ణాంకం రకం ‘ఇంట్’ నుంచి ‘లాంగ్’కు మారింది, కోర్ 3.0 దాని మీదే నిలబడింది. పాత కోర్‌లో సరిగ్గా ఉన్న లైన్లకే కొత్త కోర్‌లో వార్నింగ్ వస్తుండవచ్చు. పరీక్ష: అదే కోడ్‌ను పాత 2.0 కోర్‌తో కంపైల్ చేసి చూడండి. సంఖ్య తగ్గకపోతే నా ఊహ తప్పు.

3.0లో టైమర్ ఫంక్షన్లు కొన్ని మారాయి కానీ మా కోడ్ వాటిని వాడదు, కాబట్టి పాత కోర్‌తో ఇబ్బంది లేకుండా కంపైల్ అయింది. 52 కాస్తా 3 అయింది.

అంటే 49 చోట్ల మూలం ఒక్కటే, కోర్ మారడం. ఈ చిప్‌లో ఇంట్ అయినా లాంగ్ అయినా 4 బైట్లే కనుక ప్రింట్ అయ్యే విలువలో తేడా రాదు. ప్రమాణంగా ఉన్న ఫార్మాట్ మాక్రోలు వాడి ఆ 49ని సరిచేశాం.

అసలు విషయం ఆ మూడు. మూడూ మెమరీ కార్డుకు లాగ్ రాసే ఫంక్షన్‌లోనే ఉన్నాయి. అక్కడ సమయం తీసుకునే ఫంక్షన్ మైక్రోసెకన్లలో 64 బిట్ల విలువ ఇస్తుంది. దాన్ని 32 బిట్ల పర్సెంట్-డితో రాస్తున్నారు. ఒక్క లైన్‌లో మూడు గడులు: సమయం, కరెంటు, వోల్టేజీ. కరెంటును ఆంప్స్‌లో పదో వంతుగా రాస్తారు, 130 అంటే 13.0 ఆంప్స్.

ఇక్కడ జరిగింది నిదానంగా చూడండి. 64 బిట్ల విలువ రెండు ముక్కలుగా వెళ్తుంది. మొదటి పర్సెంట్-డి కింది ముక్కను తీసుకుంటుంది. రెండోది కరెంటు తీసుకోవాల్సింది పోయి పై ముక్కను తీసుకుంటుంది. మూడోది వోల్టేజీ బదులు కరెంటును తీసుకుంటుంది. వోల్టేజీకి చోటే ఉండదు. పై ముక్క మొదట్లో సున్నా. మైక్రోసెకన్ల లెక్క 32 బిట్లు దాటాక, అంటే సుమారు 71.6 నిమిషాలకు 1 అవుతుంది, ఇంకో 71.6 నిమిషాలకు 2. 9 గంటల కరెంటు అయిపోయేసరికి 7.

అసిస్టెంట్ ఇచ్చిన పరీక్షలు:

1. లాగ్‌లో సమయం గడి దాదాపు 35.8 నిమిషాల దగ్గర మైనస్‌లోకి పోయిందేమో చూడండి.
2. కరెంటు గడి 71 నిమిషాలకోసారి ఒక్కొక్కటి పెరిగిందేమో చూడండి.
3. నడుస్తున్న మోటార్ దగ్గర క్లాంప్ మీటర్ పెట్టి, అదే నిమిషంలో లాగ్‌లో వోల్టేజీ గడితో పోల్చండి.

మొదటి రెండూ కార్డులోనే దొరికాయి. పొద్దున 0, మధ్యాహ్నానికి 3, సాయంత్రానికి 7. బోరులో నీళ్లు తగ్గితే ఇలా గడియారం పెట్టినట్టు పెరగవు. మూడో పరీక్షకు తోటకే వెళ్లాం. ఏప్రిల్ ఎండకు స్టార్టర్ రేకు పెట్టె ముట్టుకోలేం. 7.5 హెచ్‌పీ మోటార్, డ్రిప్ ల్యాటరల్ పైపుల నిండా నీళ్లు పారుతున్నాయి. క్లాంప్ మీటర్‌లో 12.8 ఆంప్స్. లాగ్‌లో కరెంటు 2, వోల్టేజీ 128.

పెద్దాయనకు అక్కడే చూపించాం. “అన్నా, మీ బోరుకు ఏం కాలేదు. మా బోర్డు ఒక గడిలో రాయాల్సింది ఇంకో గడిలో రాస్తాంది” అన్నాను. ఆయన మీటర్ వైపు, కార్డు పెట్టిన ల్యాప్‌టాప్ వైపు మార్చి మార్చి చూసి, “అట్లయితే బోరు బండోనికి వద్దని చెప్తా. మరి మోటర్ ఎందుకు నిలుస్తాంది?” అన్నారు. సరైన ప్రశ్న. లాగ్ తప్పు రాస్తే మోటార్ ఆగదు. ఆపే నిర్ణయం లాగ్ చూసి జరగదు, సెన్సార్ విలువ చూసి జరుగుతుంది.

49 చోట్ల అపాయం లేని వార్నింగులు, వాటి మధ్య 3 నిజమైనవి, అన్నిటికీ పేరు ఒక్కటే. 52నూ ఫార్మాట్ మాక్రోలతో ఒకేసారి మార్పించి ఉంటే ఈ మూడూ సరై ఉండేవేమో కూడా. కానీ ఇన్నాళ్లూ లాగ్ అబద్ధం చెప్పిందన్న సంగతి మాత్రం ఎవరికీ తెలిసేది కాదు, బోరు బండి తోటలోకి వచ్చేసి ఉండేది.

*మిగిలినవి: 39. ఇప్పటిదాకా తేలిన మూలాలు: 2*

దశ 4: సెన్సార్ చదివే కోడ్ (టైప్-లిమిట్స్ 3, మేబీ-అన్‌ఇనిషియలైజ్డ్ 2)

ఆర్, వై, బీ అనే మూడు ఫేజ్‌ల కరెంటు చదవడానికి ఒకే కోడ్‌ను మూడుసార్లు కాపీ చేశారు. మూడు చోట్లా ఒకే వార్నింగ్: ఈ పోలిక ఎప్పుడూ అబద్ధమే.

కథ ఇది. ఏడీఎస్1115తో ఐ2సీ (చిప్‌లు రెండు వైర్ల మీద మాట్లాడుకునే పద్ధతి) వైర్ల మీద మాట్లాడతాం. చిప్ జవాబు ఇవ్వకపోతే చదివే ఫంక్షన్ -1 ఇస్తుంది. ఆ -1ను ఇంట్‌లో పెట్టుకుని చూస్తే దొరుకుతుంది. కోడ్‌లో దాన్ని ఒక బైట్‌లో పెట్టారు. బైట్‌లో మైనస్‌లు ఉండవు, -1 కాస్తా 255 అయిపోతుంది. కింద ‘-1 వచ్చిందా’ అని అడిగితే ఎప్పటికీ లేదనే వస్తుంది. కంపైలర్ చెప్పింది సరిగ్గా ఇదే.

అసిస్టెంట్ మొదటి సూచన: ఆ పోలిక ఎప్పుడూ అబద్ధం కనుక లైన్ తీసేయండి. వార్నింగ్ పోతుంది, కోడ్ నడిచే తీరూ మారదు. తప్పు కూడా అలాగే ఉండిపోతుంది. మా నమూనాలో మళ్లీ అడిగాక అసలు కారణంతో పాటు దాని పర్యవసానం కూడా చెప్పింది: రెండు బైట్లూ 255 అయితే 16 బిట్ల సంఖ్యగా అది -1, అంటే కొలతలో దాదాపు సున్నా ఆంప్స్. సెన్సార్ జవాబు ఇవ్వకపోతే మీ కోడ్‌కు కరెంటు లేనట్టు కనిపిస్తుంది.

మా డ్రై రన్ రక్షణ ఎలా పనిచేస్తుందంటే, కరెంటు 8 ఆంప్స్ కంటే తక్కువగా 5 సెకన్లు ఉంటే నీళ్లు లేవని మోటార్ ఆపేస్తుంది.

బెంచ్ మీద పరీక్ష:

1. బల్బు వెలుగుతుండగా సెన్సార్ సిగ్నల్ దగ్గర 13 ఆంప్స్‌కు సమానమైన వోల్టేజీ పెట్టాం.
2. ఐ2సీ డేటా వైర్‌ను స్క్రూ టెర్మినల్ నుంచి పీకాం.
3. 5 సెకన్లకు రిలే పడిపోయింది. ఫోన్‌కు ‘బోరులో నీళ్లు లేవు’ అని మెసేజ్.

తోటలోని బోర్డులో అదే టెర్మినల్ స్క్రూ వదులై ఉంది. పెట్టెలో మోటార్‌కు కరెంటు కలిపే కాంటాక్టర్ టక్కుమని పడినప్పుడల్లా అదురుతుంది. స్క్రూ బిగిస్తే ఆ తోట వరకు సమస్య తీరుతుంది. మిగతా తోటల సంగతి అలాగే ఉంటుంది కాబట్టి కోడ్ మారాల్సిందే.

మేబీ-అన్‌ఇనిషియలైజ్డ్ వార్నింగుల్లో రెండు వోల్టేజీ చదివే ఫంక్షన్‌లో ఉన్నాయి. అక్కడ రెండు బైట్లు వచ్చాయో లేదో చూస్తున్నారు, రాకపోతే మాత్రం వేరియబుల్‌లో ఏమీ పెట్టకుండా కిందికి వెళ్లిపోతున్నారు. అసిస్టెంట్ మొదట, మొదట్లోనే సున్నా పెట్టేయండి అంది. సున్నా వోల్టులంటే మా కోడ్‌కు ఫేజ్ పోయినట్టు. మళ్లీ మోటార్ ఆగుతుంది, ఈసారి ఇంకో తప్పుడు మెసేజ్‌తో.

ఈ రెండు రకాల వార్నింగులకూ మూలం ఒక్కటేనని అసిస్టెంట్‌తో చర్చలోనే తేలింది: ‘చదవలేకపోయాను’ అని చెప్పే దారి ఈ కోడ్‌లో ఎక్కడా లేదు. ప్రతి చోటా ఏదో ఒక సంఖ్య రావాల్సిందే. ఇది చక్కగా పట్టుకుంది, ఆ మెప్పు దానిదే. అయితే వెంటనే, చదవడం సఫలమైందో లేదో చెప్పే ఫంక్షన్ ఒకటి ఐ2సీకి వాడే ఆర్డుయినో ‘వైర్’ లైబ్రరీలో ఉందని పేరుతో సహా చెప్పింది. ఆ పేరుతో ఫంక్షన్ లేదు. కంపైల్ చేయగానే బయటపడింది.

చేసిన మార్పులు:

1. మూడు కాపీలు తీసేసి ఒకే ఫంక్షన్ చేశాం.
2. అది విలువతో పాటు ‘అందింది, అందలేదు’ అన్న స్థితిని కూడా ఇస్తుంది.
3. అందకపోతే డ్రై రన్ లెక్క కదలదు. వరుసగా 20 సార్లు అందకపోతే మోటార్ ఆపి ‘సెన్సార్ వైరు చూడండి’ అని మెసేజ్ పంపుతుంది. కొలత లేకుండా మోటార్‌ను గంటల తరబడి వదిలేయడం కూడా ప్రమాదమే.

వైర్ పీకే పరీక్ష మళ్లీ చేశాం. ఈసారి సరైన మెసేజ్ వచ్చింది. వైర్‌ను తాకించి తీసి తాకించి తీసి చూసినా మోటార్ ఆగలేదు.

*మిగిలినవి: 34. మూలాలు: 3*

దశ 5: సైన్-కంపేర్ (19)

ఈ దశకు ముందు, కాస్ట్ పెడితే పోయే వార్నింగులకు ఇంత తతంగం అవసరమా అని మా వర్క్‌షాప్‌లోనే వాదన జరిగింది. తేల్చడానికి వేరే బ్రాంచ్ (కోడ్ విడి కాపీ) తీసి, అసిస్టెంట్ మొదట చెప్పిన తీరులోనే 19 చోట్లా కాస్ట్‌లు పెట్టాం. సైన్-కంపేర్ సున్నా అయింది. తర్వాత మెసేజ్ పరీక్షలు నడిపాం: ‘ఆఫ్’, ‘స్టేటస్’, ‘ఆన్,45’, ‘ఆన్’. మొదటి మూడూ సరిగ్గా పనిచేశాయి. ‘ఆన్’ పంపగానే బల్బు వెలిగి వెంటనే ఆరిపోయింది.

కారణం ఇది. మెసేజ్‌లో కామా ఎక్కడుందో వెతికే ఫంక్షన్, కామా లేకపోతే -1 ఇస్తుంది. తర్వాతి లైన్‌లో, ఆ స్థానం మెసేజ్ పొడవు కంటే తక్కువా అని అడుగుతారు. పొడవు మైనస్ లేని రకం. రెండింటినీ పోల్చేటప్పుడు -1 కూడా మైనస్ లేని రకానికి మారి 4294967295 అవుతుంది. అది పొడవు కంటే తక్కువ కాదు, కాబట్టి కామా లేని దారిలోకి వెళ్తుంది. అంటే పాత కోడ్ సరిగ్గా నడిచింది, కానీ అనుకోకుండా అలా కుదరడం వల్ల.

పొడవుకు ఇంట్ కాస్ట్ పెట్టగానే -1 నిజంగానే -1 అయింది. పొడవు కంటే తక్కువే. కోడ్ కామా ఉన్న దారిలోకి వెళ్లింది, కామాకు ముందున్నది ఆజ్ఞ, తర్వాతిది నిమిషాలు అనుకుని రెండు చోట్లా ‘ఆన్’ అనే మాటనే తీసుకుంది. ‘ఆన్’ను సంఖ్యగా మారిస్తే 0. సున్నా నిమిషాలు నడపమని మోటార్‌కు చెప్పింది.

వార్నింగ్ ఉన్న కోడ్ పనిచేసింది, వార్నింగ్ తీసేసిన కోడ్ చెడిపోయింది. వాదన అక్కడితో ముగిసింది. ఇలాంటివి 2 చోట్ల ఉన్నాయి. కామా దొరికిందా లేదా అన్నది -1తో నేరుగా పోల్చి చూసేలా రాశాం.

మిగతా 17 మామూలు లూప్‌లు. లెక్కించే వేరియబుల్ రకాన్ని మార్చితే చాలు. ఈ 17ను అసిస్టెంట్‌కే వదిలాం. తర్వాత లెక్క చూస్తే 15 ఉండాల్సింది 16 ఉంది. కొత్తగా ఒక టైప్-లిమిట్స్ వార్నింగ్. అన్నీ ఒకే తీరుగా ఉండాలని, వార్నింగే లేని ఒక లూప్‌ను కూడా మార్చేసింది. అది చివరినుంచి సున్నా దాకా వెనక్కి లెక్కించే లూప్. మైనస్ లేని రకం ఎప్పుడూ సున్నా కంటే తక్కువ కాదు, లూప్ ఆగదు. బోర్డు రీసెట్ అయ్యేది. ఆ ఒక్కటీ వెనక్కి తిప్పాం. మొదటి దశలో లెక్క గట్టిగా పెట్టుకున్నందుకు ఇక్కడ ఫలం దక్కింది. సుమారుగా తగ్గిందిలే అనుకుని ఉంటే ఆ ఒక్క అంకె తేడా కనిపించేది కాదు.

*మిగిలినవి: 15. మూలాలు: 5*

దశ 6: వాడని వేరియబుల్స్ (11)

అసిస్టెంట్ 11నూ తీసేయమంది. తీసేయకముందు ఒక్కోటి కోడ్‌లోకి ఎందుకు వచ్చిందో గిట్ చరిత్రలో చూశాం. గిట్ లాగ్‌లో పెద్ద ఎస్ ఆప్షన్‌తో వేరియబుల్ పేరు ఇస్తే, ఆ పేరు చేరిన, పోయిన కమిట్లు (నమోదైన మార్పులు) మాత్రమే వస్తాయి. ఆ కమిట్లను అసిస్టెంట్‌కు ఇచ్చి, ఇది చచ్చిన కోడా, తెగిపోయిన కోడా అని అడిగాం.

9 చచ్చినవే, తీసేశాం. మిగతా 2 తెగిపోయినవి.

మొదటిది, కరెంటు వచ్చాక ఎంతసేపు ఆగి మోటార్ వేయాలో చెప్పే వేరియబుల్. సెట్టింగుల నుంచి 30 సెకన్లని చదువుతున్నారు, ఎక్కడా వాడట్లేదు. ఆగే లైన్‌ను ఎవరో టెస్టింగ్ కోసమని కామెంట్ చేశారు, అది అలాగే తోటల్లోకి వెళ్లిపోయింది. త్రీఫేజ్ కరెంటు రాగానే మా బోర్డులన్నీ ఆ క్షణానే మోటార్లు వేస్తున్నాయన్నమాట. మోటార్ మొదలయ్యేటప్పుడు మామూలుకంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నీ ఒకేసారి మొదలైతే వోల్టేజీ కుప్పకూలుతుంది, ఫ్యూజులు పోతాయి. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే కొత్తది వచ్చేదాకా ఎండే పంట ఎవరిదో అందరికీ తెలుసు.

అసిస్టెంట్ ఆ కామెంట్ తీసేస్తే చాలంది. చాలదు. 30 సెకన్లు అన్ని బోర్డుల్లోనూ 30 సెకన్లే. అన్నీ కలిసి ముప్పయ్యో సెకనుకు మొదలవుతాయి. చిప్‌లో ఉన్న ర్యాండమ్ నంబర్ ఫంక్షన్‌తో 20 నుంచి 180 సెకన్ల మధ్య ఏదో ఒక సమయం తీసుకునేలా రాశాం. బెంచ్ మీద మూడు బోర్డులకు ఒకే స్విచ్‌తో కరెంటు ఇచ్చి చూస్తే మూడు బల్బులూ వేర్వేరు సమయాల్లో వెలిగాయి.

రెండోది, మోటార్ చివరిసారి ఎందుకు ఆగిందో గుర్తుంచుకునే వేరియబుల్. దాన్ని స్టేటస్ మెసేజ్‌లో చేర్చాం. ‘సెన్సార్ వైరు’ అన్న కొత్త కారణం కూడా ఇప్పుడు అందులో వస్తుంది.

*మిగిలినవి: 4. మూలాలు: 7*

దశ 7: మిగతావి

ఫాల్‌త్రూ 2. ఒక చోట బ్రేక్ నిజంగానే మర్చిపోయారు, పెట్టాం. ఇంకో చోట కావాలనే కిందికి జారేలా రాశారు, కోడ్ చరిత్రలో ఆ మాట ఉంది. అక్కడ సీ++17లోని ఫాల్‌త్రూ గుర్తు రాశాం.

మేబీ-అన్‌ఇనిషియలైజ్డ్‌లో మిగిలిన 2 కంపైలర్ అతి జాగ్రత్త. విలువ పెట్టకుండా అక్కడికి చేరే దారి లేదు, కానీ ఆ సంగతి రెండు ఫంక్షన్ల అవతల ఉంది, కంపైలర్ అంత దూరం చూడలేదు. అసిస్టెంట్ రెండు చోట్లా బగ్ ఉందని గట్టిగా వాదించింది. ఆ దారి గుండా వెళ్లే ఒక్క మెసేజ్ రాసి చూపించమంటే రాయలేకపోయింది. సున్నా పెట్టి నోరు మూయించకుండా, ఎందుకు వదిలేశామో పైన కామెంట్ రాసి ఉంచాం.

*మిగిలినవి: 2, లైబ్రరీవి 6. మూలాలు: 8, అతి జాగ్రత్తవి కాక*

ఇప్పుడున్న స్థితి

కొత్త కోడ్ నార్పల తోటలోని బోర్డులో ఉంది. లాగ్‌లో కరెంటు 126, 128, 127 అని వస్తోంది, వోల్టేజీ తన గడిలో తనుంది. పాత లాగ్ కార్డులు ఇంకొన్ని తోటల్లో ఉన్నాయి. వాటిలో కరెంటు గడిని నమ్మొద్దని, వోల్టేజీ గడిలో ఉన్నదే కరెంటు అని ఆ రైతులందరికీ ఫోన్ చేసి చెప్పాం. బోరు గురించి ఆ లాగ్ చూసి ఎవరూ నిర్ణయం తీసుకోకూడదు.

తర్వాతి పనులు:

1. ఫార్మాట్, టైప్-లిమిట్స్ రకాలను వార్నింగ్ స్థాయి నుంచి ఎర్రర్ స్థాయికి పెంచడం, వస్తే కంపైలే కాకుండా.
2. వైర్ పీకే పరీక్షను, నాలుగు మెసేజ్‌ల పరీక్షను ప్రతి కొత్త వెర్షన్‌కు తప్పనిసరి చేయడం.
3. స్క్రూ టెర్మినల్ బదులు లాక్ ఉన్న కనెక్టర్ పెట్టి, కాంటాక్టర్ పక్కనే కొన్ని వారాలు ఉంచి చూడటం. కనెక్టర్లు ఆర్డర్ పెట్టాం, వచ్చాక ఆ కొలతలు ఇక్కడే రాస్తాను.